రక్తంలో కాల్షియం: ల్యాబు కిటికీ దగ్గర తరచుగా అడిగే ప్రశ్నలు

అనంతపురంలో రక్తపరీక్షల ల్యాబులో పనికి కుదిరి ఇరవై ఏళ్లు దాటింది. షుగర్ రిపోర్టు తీసుకున్నవాళ్లు అంకె చూసుకుని వెళ్లిపోతారు. కాల్షియం రిపోర్టు తీసుకున్నవాళ్లు మాత్రం కిటికీ దగ్గరే నిలబడిపోతారు. కళ్యాణదుర్గం నుంచో తాడిపత్రి నుంచో పొద్దున్నే బస్సెక్కి వచ్చినవాళ్లు, డాక్టరు గదిలో అడగలేక మింగేసిన ప్రశ్నలన్నీ మా దగ్గర అడుగుతారు. మళ్లీ మళ్లీ వచ్చేవాటిని ఇక్కడ రాస్తున్నాను. మందు మొదలుపెట్టడం, ఆపడం మీ డాక్టరు చెప్పాల్సిన మాట. ఒంట్లో ఏం జరుగుతోందో మాత్రం నాకు తెలిసినంత వివరంగా చెబుతాను.

కాల్షియం 9.4 వచ్చింది, నార్మల్ అని రాశారు. అంటే నా ఎముకలు గట్టిగా ఉన్నట్టే కదా?

కాదమ్మా. అన్నిటికంటే ముందు ఈ ప్రశ్న పెట్టడానికి కారణం ఉంది. ఇది అర్థమైతే కింద రాసినవన్నీ వాటంతటవే అర్థమవుతాయి.

పెద్దవాళ్ల ఒంట్లో కాల్షియం సుమారు ఒక కిలో ఉంటుంది. అందులో 99 శాతం ఎముకల్లో, పళ్లలో ఉంటుంది. రక్తంలో ఉండాల్సింది డెసిలీటరుకు 8.5 నుంచి 10.5 మిల్లీగ్రాములు. ల్యాబును బట్టి ఈ హద్దులు కొంచెం అటూ ఇటూ మారతాయి. రక్తరసంలో ఉన్నదంతా పోగేసినా 300 మిల్లీగ్రాముల దరిదాపుల్లోనే ఉంటుంది. డాక్టరు రాసిచ్చే 500 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కదానిలోనే అంతకంటే ఎక్కువ కాల్షియం ఉంది.

ఈ 300 తగ్గకుండా చూసుకోవడానికి ఒళ్లు ఆ కిలోలోంచి ఎంతైనా తీస్తుంది. మట్టిమిద్దెలో కట్టెలు అయిపోతే పైకప్పు దంతెలు ఒక్కొక్కటే పీకి పొయ్యిలో పెట్టినట్టు. పొయ్యి మాత్రం చక్కగా మండుతుంది. బయటినుంచి పొగ చూసినవాళ్లకు ఇల్లు బాగానే ఉందనిపిస్తుంది. మీ చేతిలో ఉన్న 9.4 ఆ పొగ. కప్పు సంగతి తెలియాలంటే ఎముకల సాంద్రత చూసే డెక్సా స్కాన్ చేయించుకోవాలి. తుంటి ఎముక విరిగి ఆసుపత్రిలో చేరిన పెద్దవాళ్లలో చాలామందికి ఆ రోజు రక్తంలో కాల్షియం నార్మల్‌గానే ఉంటుంది.

రక్తంలో ఉన్న ఆ కాస్త కాల్షియం కోసం ఒళ్లు అంత తాపత్రయం ఎందుకు పడుతుంది?

గుండె కొట్టుకోవడానికి, కండరం బిగుసుకోవడానికి, నరం పక్క నరానికి కబురు పంపడానికి, రక్తం గడ్డకట్టడానికి, అన్నిటికీ కాల్షియం కావాలి. రక్తం గడ్డకట్టే మాట మా ల్యాబులో రోజూ కళ్ల ముందే కనిపిస్తుంది. ఊదారంగు మూత ఉన్న గొట్టంలో ఈడీటీఏ అనే రసాయనం ఉంటుంది. అది కాల్షియాన్ని పట్టి బంధిస్తుంది కాబట్టే ఆ గొట్టంలో రక్తం గంటలకొద్దీ గడ్డకట్టకుండా ఉంటుంది.

గుండె సంగతి బయటపడిన తీరు నాకు చాలా ఇష్టం. లండన్‌లో సిడ్నీ రింగర్ అనే వైద్యుడు కప్ప గుండెను ఉప్పునీటిలో ఉంచి అది ఎంతసేపు కొట్టుకుంటుందో చూస్తున్నాడు. చాలాసేపు కొట్టుకుంది. తర్వాత అదే ద్రావణాన్ని డిస్టిల్డ్ నీళ్లతో కలిపితే గుండె కాసేపట్లోనే బలహీనపడిపోయింది. ఆరా తీస్తే తేలింది ఏమిటంటే, మొదటిసారి వాడినవి కుళాయి నీళ్లు. ఆ నీళ్లలో కాల్షియం ఉంది. 1883లో ఆయన ఆ సంగతి ప్రచురించాడు. ఇవాళ ఏ ఊరి ఆసుపత్రిలోనైనా స్టాండుకు వేలాడే ఆర్‌ఎల్ సీసా ఉంది చూశారా, రింగర్ లాక్టేట్, అది ఆయన పేరే. అందులో ఇప్పటికీ కొంచెం కాల్షియం కలుపుతారు.

నీళ్లలో సున్నం ఎక్కువని మనం తిట్టుకుంటాం కానీ, ఆ సున్నం నీళ్లే ఒక పెద్ద రహస్యం చెప్పాయి.

ఎక్కువైందో తక్కువైందో ఒంటికి ఎలా తెలుస్తుంది?

గొంతులో థైరాయిడ్ గ్రంథి ఉంది కదా, దాని వెనక బియ్యపు గింజలంత గ్రంథులు నాలుగు అతుక్కుని ఉంటాయి. వాటిని పారాథైరాయిడ్ గ్రంథులు అంటారు. పేరు ఒకేలా ఉన్నా థైరాయిడ్ చేసే పనికీ వీటి పనికీ సంబంధం లేదు. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు 'నాకు కాల్షియం గ్రంథి కూడా పాడైనట్టేనా' అని భయపడతారు, అలా ఏమీ కాదు.

ఈ గ్రంథుల కణాల మీద కాల్షియాన్ని పసిగట్టే ఒక గ్రాహకం ఉంటుంది. దాన్ని 1993లో గుర్తించారు. రక్తంలో కాల్షియం కొంచెం తగ్గిందంటే చాలు, క్షణాల్లో ఈ గ్రంథులు పారాథార్మోన్‌ను వదులుతాయి. రిపోర్టుల్లో దాన్నే పీటీహెచ్ అని రాస్తాం. కాల్షియం పెరిగితే వదలడం తగ్గిస్తాయి. ఈ హార్మోన్ రక్తంలో కొద్ది నిమిషాలే నిలుస్తుంది. అందుకే లెక్క ఎప్పటికప్పుడు సరిదిద్దుకోవడం వీలవుతుంది.

ఒక ముచ్చట చెప్పాలి. ఈ గ్రంథులను మొదట చూసింది మనిషిలో కాదు, మన దేశపు ఖడ్గమృగంలో! 1850 ప్రాంతంలో లండన్ జంతుప్రదర్శనశాలలో చనిపోయిన ఖడ్గమృగాన్ని కోసి చూసిన రిచర్డ్ ఓవెన్ వీటిని వర్ణించాడు. మనుషుల్లో వీటిని వేరుగా గుర్తించి రాసింది స్వీడన్ వైద్య విద్యార్థి ఇవార్ సాండ్‌స్ట్రోమ్, 1880లో. ఇంత చిన్నవి కాబట్టే అప్పటిదాకా ఎవరి కంటా పడలేదు.

ఆ పీటీహెచ్ కాల్షియాన్ని ఎక్కడినుంచి తెస్తుంది?

మూడు చోట్ల నుంచి: మూత్రపిండాలు, ఎముకలు, పేగులు. మూడూ ఒకే వేగంతో స్పందించవు.

మూత్రపిండం నిమిషాల్లో స్పందిస్తుంది. రోజుకు దాదాపు 10 గ్రాముల కాల్షియం మూత్రపిండాల వడపోతలోకి వెళుతుంది. అంటే రక్తంలో ఉన్నదంతా రోజుకు ముప్పైసార్లకు పైగా వడపోతలో పడి వస్తోందన్నమాట. అందులో 98 శాతం తిరిగి రక్తంలోకి చేరుతుంది. మూత్రంలో పోయేది సుమారు 200 మిల్లీగ్రాములే. పీటీహెచ్ పెరిగితే అది కూడా తగ్గుతుంది. అదే సమయంలో మూత్రపిండం ఫాస్ఫేట్‌ను మాత్రం బయటికి పంపేస్తుంది. ఎందుకంటే ఎముక కరిగితే కాల్షియంతో పాటు ఫాస్ఫేటూ వస్తుంది. రెండూ రక్తంలో పేరుకుంటే ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, కాల్షియం మళ్లీ దొరక్కుండా పోతుంది. (రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి ప్రపంచమంతటా వాడుకలోకి రావడానికి మన తెలుగువాడే కారణం. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు, అమెరికా శాస్త్రవేత్త ఫిస్క్‌తో కలిసి 1925లో ఆ పద్ధతిని ఇచ్చారు. ఫాస్ఫరస్ పరీక్ష పెట్టినప్పుడల్లా ఆయన గుర్తొస్తారు.)

ఎముక గంటల నుంచి రోజుల్లో స్పందిస్తుంది. ఎముకలో కట్టే కణాలు, కూల్చే కణాలు రెండు రకాలు. పీటీహెచ్ మాట నేరుగా వినేవి కట్టే కణాలే. అవి కూల్చే కణాలకు సంకేతం ఇస్తాయి. అవి ఎముకను కరిగించి కాల్షియాన్ని రక్తంలోకి వదులుతాయి.

పేగులు అన్నిటికంటే ఆలస్యం, ఒకటి రెండు రోజులు పడుతుంది. అది కూడా పీటీహెచ్ నేరుగా చేయించే పని కాదు. పీటీహెచ్ మూత్రపిండంలో డి విటమిన్‌ను చురుకైన రూపంలోకి మార్చేలా చేస్తుంది. ఆ రూపం పేరు కాల్సిట్రయాల్. అది పేగుల దగ్గరికి వెళ్లి తిండిలోని కాల్షియాన్ని ఎక్కువగా లాగమంటుంది. మామూలుగా మనం తిన్న కాల్షియంలో మూడో వంతు కూడా ఒంటికి పట్టదు. డి విటమిన్ లేకపోతే ఇంకా తక్కువ.

కాల్షియం పెరిగితే తగ్గించే హార్మోన్ లేదా?

ఉంది, కాల్సిటోనిన్. థైరాయిడ్‌లోని వేరే కణాలు దాన్ని తయారుచేస్తాయి. కానీ మనుషుల్లో దాని పాత్ర చిన్నది. థైరాయిడ్ మొత్తం తీసేసినవాళ్లలో కూడా కాల్సిటోనిన్ లేదన్న కారణంగా రక్తంలో కాల్షియం పెరిగిపోదు.

మన అనంతపురంలో ఎండ మండిపోతుంటే డి విటమిన్ తక్కువ ఎలా వస్తుంది?

ఈ ప్రశ్న అడిగినవాళ్లను నేను తప్పుపట్టను, నాకూ మొదట్లో ఇదే ఆశ్చర్యం. మే నెలలో సప్తగిరి సర్కిల్‌లో పది నిమిషాలు నిలబడితే కళ్లు తిరుగుతాయి. అయినా రిపోర్టులో డి విటమిన్ 11, 14 అని వస్తుంటాయి. 20 నానోగ్రాములకు తగ్గితే లోపమని లెక్క.

చర్మంలో డి విటమిన్ తయారు చేసేది ఎండలోని యూవీ బి కిరణాలు. సూర్యుడు నడినెత్తికి దగ్గరగా ఉన్నప్పుడే అవి బాగా కిందికి దిగుతాయి. పొద్దున ఆరున్నరకు వాకింగ్ చేసి 'ఎండలో తిరుగుతున్నాను కదా' అనేవాళ్లకు ఆ ఎండలో యూవీ బి దాదాపు ఉండదు. అది బాగా ఉండే పదకొండు, పన్నెండు గంటలకు మనం నీడ వెతుక్కుంటాం. ఎండ తక్కువైన దేశంవాళ్లు ఎండ కనబడితే బయటికొస్తారు, ఎండ ఎక్కువైన ఊళ్లో మనం తలుపులు వేసుకుంటాం. గాజు కిటికీలోంచి పడే ఎండ పనికిరాదు, గాజు యూవీ బిని ఆపేస్తుంది. పైగా మన చర్మంలో రంగునిచ్చే మెలనిన్ ఎక్కువ కాబట్టి, తెల్లటి చర్మంవాళ్లకంటే ఎక్కువసేపు ఎండ తగలాలి. నిండా చీర, దాని మీద చున్నీ, బండి మీద వెళుతూ ముఖానికి గుడ్డ, చేతులకు గ్లౌజులు. ఇక ఎండ తగిలేది ఎక్కడ?

తిండి సంగతి కూడా ఉంది. తిరుపతి పరిశోధకులు 2007లో ప్రచురించిన అధ్యయనంలో ఆరోగ్యంగా కనిపించే దక్షిణాది వాళ్లలో మూడు సంగతులు కలిసి కనిపించాయి: తిండిలో కాల్షియం తక్కువ, కాల్షియాన్ని పట్టేసే ఫైటేట్ ఎక్కువ, డి విటమిన్ లోపం. మన రాయలసీమ మాటే కాబట్టి మనకూ వర్తిస్తుందనే నా నమ్మకం.

చేతులు, కాళ్లు, ముఖం కప్పుకోకుండా మధ్యాహ్నానికి ముందు కాసేపు బయట ఉండండి. వేసవిలో మాత్రం వడదెబ్బ సంగతి మర్చిపోవద్దు.

మా ఎనుము ఈనిన మర్నాడే పడిపోయింది. పశువుల డాక్టరు మెడలో కాల్షియం ఎక్కించగానే లేచి నిలబడింది. అదేం మాయ?

అన్నా, మీ ప్రశ్నే ఈ విషయాన్ని అన్నిటికంటే బాగా చూపిస్తుంది. ఒంట్లో కాల్షియం లెక్క తప్పితే ఏమవుతుందో పాడి రైతు కళ్లారా చూసినంతగా ఎవరూ చూడరు.

దాన్ని పాలజ్వరం అంటారు. పేరులో జ్వరం ఉంది కానీ ఒళ్లు చల్లబడుతుంది, చెవులు పట్టుకుంటే చల్లగా తగులుతాయి. ఈనిన ఒకటి రెండు రోజుల్లో పశువు తూలుతుంది, కూలబడుతుంది, మెడను పక్కకు తిప్పి డొక్క మీద ఆనించుకుంటుంది. మేత ముట్టదు, నెమరు వేయదు. పాలు బాగా ఇచ్చేవాటికి, మూడో ఈత దాటినవాటికి ఎక్కువగా వస్తుంది.

లెక్క ఇది. ఒక పెద్ద ఆవు రక్తరసంలో ఉండే కాల్షియం మొత్తం సుమారు 3 గ్రాములు. జున్నుపాలలో లీటరుకు 2 గ్రాముల పైన కాల్షియం ఉంటుంది. పది లీటర్ల జున్నుపాలు దిగాయంటే 20 గ్రాములకు పైగా పొదుగులోకి పోయినట్టు, అంటే రక్తంలో ఉన్నదానికి ఏడు రెట్లు. నిన్నటిదాకా అంత అవసరం లేదు, ఇవాళ ఒక్కసారిగా వచ్చిపడింది. పీటీహెచ్ వెంటనే పెరుగుతుంది, కానీ పైన చెప్పినట్టు ఎముక, పేగు కదలడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. ఆ సందులోనే పశువు పడిపోతుంది. రక్తంలోకి కాల్షియం బోరోగ్లూకోనేట్ ఎక్కిస్తే ఆ సందు పూడుతుంది, కండరాలకు మళ్లీ సత్తువ వస్తుంది, పశువు లేస్తుంది.

కానీ సీసా ఇంట్లో ఉంది కదా అని ఎవరుపడితే వాళ్లు గబగబా ఎక్కించకూడదు. వేగంగా ఎక్కితే గుండె ఆగిపోతుంది. డాక్టరు గుండె చప్పుడు వింటూ నిదానంగా ఎక్కించేది అందుకే.

ఇంకో ఆశ్చర్యం చెబుతాను. చూలుతో ఉన్న చివరి రెండు మూడు వారాల్లో పశువుకు కాల్షియం విపరీతంగా పెడితే పాలజ్వరం ముప్పు తగ్గకపోగా పెరుగుతుంది. తిండిలో కావలసినంత వచ్చేస్తుంటే పారాథైరాయిడ్‌కు పని ఉండదు, ఎముకలోంచి తీసే అలవాటు మందగిస్తుంది. ఈనిన రోజు దాన్ని లేపేసరికి ఆలస్యమైపోతుంది. చూలు పశువు మేత ఎలా మార్చాలో ముందే పశువుల డాక్టరును అడగండి.

మరి బాలింతలకు అలా ఎందుకు కాదు?

మనిషి పాలలో కాల్షియం తక్కువ, లీటరుకు 300 మిల్లీగ్రాముల లోపే. పైగా కడుపుతో ఉన్నప్పటినుంచే ఒళ్లు సిద్ధమవుతుంది, పేగులు కాల్షియాన్ని దాదాపు రెట్టింపు లాగుతాయి. పుట్టేసరికి బిడ్డ ఎముకల్లో సుమారు 30 గ్రాముల కాల్షియం చేరుతుంది, ఎక్కువ భాగం చివరి మూడు నెలల్లో. పాలిచ్చే నెలల్లో తల్లి ఎముకలు కొంచెం పలచబడతాయి. పాలు మాన్పించాక చాలావరకు తిరిగి నిండుతాయి. 'పిల్లకు పాలిచ్చి నా ఎముకలు గుల్లయిపోయాయి' అని బాధపడే తల్లులకు ఈ మాట చెప్పాలనిపిస్తుంది.

ప్రభుత్వ ఆసుపత్రుల్లో నాలుగో నెల నుంచి కాల్షియం మాత్రలు రోజుకు రెండు ఇస్తారు. దయచేసి వాటిని ఐరన్ మాత్రతో కలిపి మింగకండి. కాల్షియం ఐరన్‌ను పట్టనివ్వదు. రెండింటి మధ్య రెండు గంటలైనా తేడా ఉండాలి. అన్నం తిన్నాక కాల్షియం, వేరే పూట ఐరన్ అనుకుంటే మర్చిపోరు.

రోజూ రాగి సంగటి తింటాం. అది చాలదా?

చాలా మంచి అలవాటు, మానకండి. రాగుల్లో 100 గ్రాములకు 340 నుంచి 360 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. బియ్యంలో పది కూడా ఉండదు. ఒక ముద్దలో 60 గ్రాముల పిండి ఉందనుకుంటే 200 మిల్లీగ్రాములు వచ్చినట్టు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2020లో పెద్దవాళ్లకు చెప్పిన లెక్క రోజుకు 1000 మిల్లీగ్రాములు. కాబట్టి ముద్ద ఒక్కటే చాలదు, పక్కన ఏముందన్నదే ముఖ్యం. హోటల్ సంగటిలో బియ్యం వంతు ఎక్కువ, రంగు చూసి మోసపోవద్దు.

సంగటిలోకి మనం ఎక్కువగా కలుపుకునేది శెనక్కాయల ఊరిబిండి. రుచికి దాన్ని మించింది లేదు గానీ శెనక్కాయల్లో కాల్షియం 100 గ్రాములకు వంద లోపే. ఆ బిండిలోకే పొట్టుతో ఉన్న నువ్వులు రెండు చెంచాలు వేయించి కలపండి, నువ్వుల్లో 100 గ్రాములకు 1200 మిల్లీగ్రాముల పైన ఉంటుంది. మునగాకు పప్పు, తోటకూర, ఒక గ్లాసు మజ్జిగ తోడైతే లెక్క దగ్గరికొస్తుంది. పాలు, పెరుగులో 100 మిల్లీలీటర్లకు సుమారు 120 ఉంటుంది, పట్టడం కూడా బాగా పడుతుంది.

ఆకుకూరలన్నీ ఒకటి కావు. పాలకూరలో కాల్షియం ఉన్నా ఆక్సలేట్ దాన్ని గట్టిగా పట్టుకుంటుంది, ఒంటికి చేరేది చాలా తక్కువ. రాగుల్లో ఉండే ఫైటేట్ కూడా కొంత అడ్డుపడుతుంది. రాగులు నానబెట్టి మొలక కట్టి ఎండబెట్టి పిండి పట్టిస్తే అది తగ్గుతుంది. పిల్లలకు మొలకల రాగిజావ పోసే పాత అలవాటు వెనక ఇంత బలం ఉంది.

తాంబూలంలో సున్నం వేసుకుంటాను. ఇక కాల్షియం మాత్ర అక్కర్లేదు కదా?

సున్నం కాల్షియం హైడ్రాక్సైడే, కాదనను. కానీ ఎంత వేసుకుంటున్నారో కొలత ఉండదు, నోరు పొక్కుతుంది, వక్క నోటి క్యాన్సర్‌కు దారి తీస్తుంది. సున్నం అతిగా తినే తాంబూలప్రియుల్లో రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాలు దెబ్బతిన్న సందర్భాలు వైద్యులు నమోదు చేశారు. మాత్రకు ఇది బదులు కాదు.

బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. దానివల్లే కిడ్నీలో రాళ్లు వస్తున్నాయా?

మన రాయలసీమలో చాలా చోట్ల నేల కింద సున్నపురాయే. కడప బండలు, బేతంచెర్ల నాపరాళ్లు, ఎర్రగుంట్ల సిమెంటు, బెలూం గుహలు, అన్నీ ఆ రాయి చలవే. ఆ రాయి గుండా వచ్చిన నీళ్లలో కాల్షియం ఉండటం సహజం. గిన్నెల్లో పొక్కులు కట్టే ఆ తెల్లటి పొర కడుపులోనూ కడుతుందని జనం అనుకుంటారు. అలా జరగదు. రాళ్లకు మన దగ్గర పెద్ద కారణం చాలినంత నీళ్లు తాగకపోవడం. ఎండలో పనిచేసి, చెమట రూపంలో నీళ్లు పోయి, మూత్రం చిక్కబడితే రాయి కట్టడం సులువు.

రాయి ఉందనగానే పాలు, పెరుగు మాన్పించడం కూడా పొరపాటే. రాళ్లలో ఎక్కువ భాగం కాల్షియం ఆక్సలేట్. తిండిలో కాల్షియం ఉంటే అది పేగులోనే ఆక్సలేట్‌ను పట్టి బయటికి పంపేస్తుంది. కాల్షియం మానేస్తే ఆక్సలేట్ సాఫీగా రక్తంలోకి, అక్కడినుంచి మూత్రంలోకి చేరుతుంది. అమెరికాలో 45 వేలకు పైగా మగవాళ్లను గమనించి 1993లో ప్రచురించిన అధ్యయనంలో తిండిలో కాల్షియం ఎక్కువ తిన్నవాళ్లకే రాళ్లు తక్కువ వచ్చాయి. మాత్రల సంగతి వేరు, అవి డాక్టరు చెప్పినట్టే వాడాలి. మళ్లీ మళ్లీ రాళ్లు వస్తుంటే మాత్రం రక్తంలో కాల్షియం, పీటీహెచ్ ఒకసారి చూపించుకోండి. పారాథైరాయిడ్ గ్రంథి ఒకటి ఉబ్బి ఆగకుండా హార్మోన్ వదులుతుండొచ్చు. ఆ గ్రంథి తీసేస్తే బాధ తీరుతుంది.

నీళ్లలో మనం నిజంగా భయపడాల్సింది ఫ్లోరైడ్‌కు. అది కంటికి కనిపించదు, గిన్నెకు పొర కట్టదు. మరగబెడితే పోదు సరికదా, నీళ్లు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దారి లేనప్పుడు 1.5 వరకే. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను మొదట వైద్య పత్రికకెక్కించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల నుంచి. అనంతపురం జిల్లా పల్లెలు ఈ బాధ ఎంతో పడ్డాయి. 1990ల మధ్యలో శ్రీ సత్యసాయి తాగునీటి పథకం వచ్చి వందల ఊళ్లకు నీళ్లు అందాక ఎంతో ఊరట దొరికింది.

ఫ్లోరైడ్ కూడా కాల్షియం కథలోదే. ఎముకలో చేరి దాన్ని కరగడానికి మొండికేసేలా చేస్తుంది. రక్తానికి కాల్షియం కావాల్సి వస్తే తీయడం కష్టమై, పీటీహెచ్ ఇంకా ఇంకా పెరుగుతుంది. తిండిలో కాల్షియం తక్కువున్న పేదింటి పిల్లల్లో కాళ్లు వంకర పోవడం అందుకే ఎక్కువగా చూశారు. నీళ్లు పరీక్ష చేయించండి, పిల్లలకు పాలు, మజ్జిగ తగ్గించకండి.

వేళ్లు తిమ్మిరెక్కి కొంకర్లు పోతున్నాయి. ధనుర్వాతమా?

కాల్షియం తగ్గితే వచ్చేదాన్ని టెటనీ అంటారు. ధనుర్వాతం టెటనస్, దానికి కారణం క్రిమి. పేర్లు దగ్గరగా ఉండటంతో జనం హడలిపోతారు.

రక్తంలో కాల్షియం తగ్గితే నరాలు చిన్నదానికే ఉలిక్కిపడతాయి. పెదవుల చుట్టూ చీమలు పాకినట్టు, వేళ్ల కొసల్లో సూదులు గుచ్చినట్టు ఉంటుంది. తర్వాత చెయ్యి తనంతట తానే ముడుచుకుపోతుంది. బీపీ పట్టీ చేతికి కట్టి మూడు నిమిషాలు బిగించి ఉంచితే చెయ్యి అలా ముడుచుకుంటుందేమో డాక్టర్లు చూస్తారు. ఇంకా తగ్గితే ఫిట్స్ రావచ్చు, గుండె లయ తప్పొచ్చు.

థైరాయిడ్ ఆపరేషన్ అయినవాళ్లు ఇది మరీ గుర్తుపెట్టుకోవాలి. వెనకున్న ఆ చిన్న గ్రంథులకు రక్తసరఫరా దెబ్బతింటే మొదటి మూడు నాలుగు రోజుల్లో కాల్షియం పడిపోవచ్చు. పెదవులు తిమ్మిరనిపిస్తే తెల్లారనీ అనుకోకుండా నర్సుకు చెప్పండి, ఇంట్లో ఉంటే ఆసుపత్రికి బయల్దేరండి.

కాల్షియం నార్మల్‌గా ఉండీ తిమ్మిర్లు వచ్చే సందర్భం కూడా ఒకటుంది. బాగా ఏడ్చి, భయపడి ఎగశ్వాస తీసేవాళ్లలో రక్తం క్షారం వైపు మొగ్గుతుంది. అప్పుడు కాల్షియం ఆల్బుమిన్ ప్రొటీన్‌కు ఎక్కువగా అతుక్కుంటుంది, విడిగా తిరిగే కాల్షియం తగ్గుతుంది. నరాలు చూసేది ఆ విడి కాల్షియాన్నే. నిదానంగా ఊపిరి తీసుకునేలా చేస్తే సర్దుకుంటుంది. దాన్ని నటన అని కోప్పడకండి, వాళ్ల వేళ్లు నిజంగానే బిగుసుకుపోతాయి.

మొత్తం కాల్షియం తక్కువ, అయోనైజ్డ్ కాల్షియం నార్మల్. ఏది నమ్మాలి?

రెండోదాన్ని. అయోనైజ్డ్ అంటే ఇందాక చెప్పిన విడి కాల్షియమే. రక్తంలోని కాల్షియంలో సుమారు సగం మాత్రమే విడిగా ఉంటుంది. దాదాపు 40 శాతం ఆల్బుమిన్‌కు అతుక్కుని ఉంటుంది. కాలేయ జబ్బులో, సరైన తిండి లేనివాళ్లలో ఆల్బుమిన్ తగ్గితే మొత్తం అంకె తగ్గుతుంది, విడి కాల్షియం మాత్రం సరిగానే ఉండొచ్చు. ఆల్బుమిన్ 4 కంటే ఒక గ్రాము తగ్గితే కాల్షియం అంకెకు 0.8 కలిపి చూడటం ఒక వాడుక. ఉదాహరణకు కాల్షియం 7.8, ఆల్బుమిన్ 2.5 అయితే సరిచేసిన అంకె 9.0.

డి విటమిన్ పొడి ప్యాకెట్టు రోజుకొకటి వేసుకున్నాను. ఇప్పుడు వాంతులు, మలబద్ధకం.

ఆ 60,000 యూనిట్ల ప్యాకెట్టు సాధారణంగా వారానికి ఒకటి రాస్తారు. మందుల చీటీలో సరిగా చదవక, లేదా 'బలానికే కదా' అనుకుని రోజూ వేసుకున్నవాళ్లను ప్రతి ఏడూ చూస్తున్నాను. డి విటమిన్ కొవ్వులో నిల్వ ఉంటుంది, ఆపేశాక కూడా వారాలు, నెలలు దాని ప్రభావం సాగుతుంది. కాల్షియం 12 దాటితే దాహం, ఎక్కువగా మూత్రం, వాంతులు, మలబద్ధకం, మబ్బుగా ఉండటం మొదలవుతాయి. 14 దాటితే అత్యవసరం. వెంటనే పొడి ఆపి ఆసుపత్రికి వెళ్లండి, ఎన్ని ప్యాకెట్లు వాడారో దాచకుండా చెప్పండి, ఖాళీ ప్యాకెట్లు ఉంటే పట్టుకెళ్లండి.

పొడి ఏదీ వాడకుండానే కాల్షియం ఎక్కువ వస్తే డాక్టర్లు ముఖ్యంగా రెండు కారణాలు వెతుకుతారు: ఉబ్బిన పారాథైరాయిడ్, లేదా ఎక్కడో దాగిన క్యాన్సర్. పీటీహెచ్ పరీక్ష ఆ రెండింటినీ చాలావరకు వేరు చేస్తుంది.

కాల్షియం మాత్రలు వేసుకుంటున్నా అంకె పెరగడం లేదు. ఎందుకు?

మెగ్నీషియం చూపించారా? అది బాగా తగ్గితే పారాథైరాయిడ్ గ్రంథులు హార్మోన్‌ను వదలలేవు, వదిలినా ఒళ్లు సరిగా వినదు. రోజూ మద్యం తాగేవాళ్లలో, గ్యాస్ మాత్రలు ఏళ్ల తరబడి ఆపకుండా మింగేవాళ్లలో మెగ్నీషియం తగ్గొచ్చు. మెగ్నీషియం సరిచేస్తే కాల్షియం దారికొస్తుంది. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్ల సంగతి వేరు. వాళ్లలో చురుకైన డి విటమిన్ తయారు కాదు, ఫాస్ఫేట్ పేరుకుంటుంది, వాళ్లకు మందులు కూడా వేరు.

ముట్లు ఆగి రెండేళ్లైంది. నడుం నొప్పి. కాల్షియం టెస్టు చాలా?

చాలదక్కా. మొదటి ప్రశ్నకు చెప్పిన జవాబే మీకూ. ఆడవాళ్ల హార్మోన్ ఈస్ట్రోజన్ ఉన్నన్నాళ్లూ ఎముకను కూల్చే కణాలను అదుపులో పెడుతుంది. ముట్లు ఆగాక మొదటి కొన్నేళ్లలో ఎముక త్వరగా పలచబడుతుంది, రక్తంలో అంకె మాత్రం కదలదు. డి విటమిన్, డెక్సా గురించి డాక్టరును అడగండి. మీ అమ్మకు తుంటి విరిగిందా, మీ ఎత్తు తగ్గిందా అన్నది తప్పకుండా చెప్పండి.

రక్తం ఇచ్చే ముందు ఏం చేయాలి?

పొద్దున పరగడుపున వస్తే మంచిది. కాల్షియం మాత్ర రక్తం ఇచ్చాక వేసుకోండి. చేతికి రబ్బరు పట్టీ ఎక్కువసేపు బిగించి ఉంచితే అంకె అబద్ధంగా పెరుగుతుంది, పిడికిలి మూసి తెరుస్తూ ఉన్నా అంతే. నస పెడుతున్నారని సిబ్బంది అనుకుంటారని మొహమాటపడకుండా 'పట్టీ వదులు చేయండి' అని అడగండి.

నేను పనిలో చేరిన కొత్తలో ఒకసారి, ఊదారంగు గొట్టంలోని రక్తం కొంచెం మామూలు గొట్టంలో కలిపాను, రక్తం చాలలేదని. కాల్షియం 3 వచ్చింది, పొటాషియం విపరీతంగా పెరిగి వచ్చింది. ఆ అంకెలతో మనిషి కూర్చుని మాట్లాడుతుండటం అసాధ్యం. ఆ గొట్టంలోని ఈడీటీఏ కాల్షియాన్ని పట్టేసింది, దాని పొటాషియం రక్తంలో కలిసింది. ఆ పెద్దాయనకు క్షమాపణ చెప్పి మళ్లీ రక్తం తీశాను, 9.1 వచ్చింది. అందుకే మీ ఒంట్లో ఏ బాధా లేకుండా అంకె మాత్రం భయపెట్టేలా వస్తే, మందుల షాపుకు వెళ్లే ముందు ఇంకోసారి రక్తం ఇవ్వండి.